వలలో పడ్డది

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

హెన్నీ గుమ్మంలోంచి అడిగేసరికి టోర్బెన్ చేతిలో ఫోను చటుక్కున జేబులోకి వెళ్ళిపోయింది.

"ఎవరూ లేరు. పరిశోధన వాళ్ళు."

"ఎవరూ లేరా, పరిశోధన వాళ్ళా? ఏదో ఒకటి చెప్పు!"

అతను బూట్లు తొడుక్కుంటూ తల దించుకున్నాడు. పొద్దున్నే చేపల వేటకెళ్ళే మనిషి శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. అది చాలదూ పెళ్ళానికి అనుమానం రావడానికి! దానికి తోడు ఆమె చెవులారా విన్నది ఒకటుంది: "కడుపుతో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండాలి. నువ్వేం కంగారు పడకు. ఎవరికీ చెప్పొద్దు, నేనొస్తున్నా." పెళ్ళయి ఇన్నేళ్ళయినా పిల్లల్లేని ఆ ఇంట్లో కడుపు అన్న మాట ఎత్తడం మానేసి చాలాకాలమైంది.

"కడుపుతో ఉన్నది ఎవరు?" అంది సూటిగా.

టోర్బెన్ ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ వెంటనే పగలబడి నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! డాల్ఫిన్ లాంటి ఆ పోర్పస్ గురించి. హెర్రింగు చేపల వెంటపడి మన వలలోకి దూరింది, బయటికి దారి తెలీక తిరుగుతోంది. నిండు చూలాలు. పరిశోధన చేసే సిసెల్ వాళ్ళొచ్చి దాన్ని కొలిచి, ఎక్కడ తిరుగుతోందో తెలిపే యంత్రం వీపు మీది రెక్కకి తగిలించి వదిలేస్తారు."

"మరి ఎవరికీ చెప్పొద్దన్నావుగా?"

"చూలుది చిక్కిందని తెలిస్తే అధికారులు ఊరుకుంటారా? వల పీకించేస్తారు. అప్పుడు మనం గాలి తిని బతకాలి."

జవాబు చక్కగా అతికింది. మరీ అంత చక్కగా అతకడమే హెన్నీకి నచ్చలేదు. నీళ్ళలో జంతువు కోసం గడ్డం గీసుకుంటారా అని అడిగేలోపు మనిషి గేటు దాటేశాడు.

ఆమెకి పని మీద మనసు నిలవలేదు. ఈ మధ్య అతను కూనిరాగాలు తీస్తున్నాడు. ఏమీ కొనకుండానే పట్నం వెళ్ళొస్తున్నాడు. ఇవాళ తేలిపోవాలి, అంతే! ఫ్లాస్కులో కాఫీ పోసి, దాల్చినచెక్క బన్నులు బుట్టలో సర్దుకుని రేవుకి బయల్దేరింది. అక్కడ ఎవతైనా కనబడితే ఆ వేడి కాఫీ ముందు ఎవరి మీద పోయాలో దారిలోనే తేల్చుకుంది.

తీరా వెళ్ళి చూస్తే పడవలో నిజంగానే పోర్పస్ ఉంది. తడి పరుపు మీద, నల్లటి వీపుతో, బడికెళ్ళే పిల్లంత జీవం. ఉండుండి ఉఫ్‌మని ఊపిరి వదులుతోంది. టోర్బెన్ మోకాళ్ళ మీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తూ, "అయిపోయింది బంగారం, అయిపోయింది" అంటున్నాడు. పక్కన టేపుతో కొలుస్తున్న సిసెల్‌కి అరవై దాటుంటాయి, తలంతా నెరిసింది.

హెన్నీకి ఏడుపొచ్చినంత పనైంది. ఛీ, బంగారంలాంటి మనిషిని ఎంత మాటనుకుంది! ఇంటికెళ్ళగానే క్షమించమని అడగాలి, రాత్రికి అతనికిష్టమైన మాంసం ముద్దల కూర వండాలి.

అందరూ కలిసి పట్టి దాన్ని నీళ్ళలోకి దించారు. తోక ఒక్కసారి కొట్టి మాయమైపోయింది. టోర్బెన్ వల మూతి సరిచేయడానికి అటు వెళ్ళాడు. సిసెల్ బన్ను అందుకుని హెన్నీ పక్కన గట్టు మీద కూర్చుంది.

"కాన్పు ఎప్పుడండీ దానికి? పొట్ట అంతగా కనిపించలేదు," అంది హెన్నీ, ముఖం విప్పారించుకుని.

సిసెల్‌కి నవ్వుతో పొలమారింది. "దానికి కాన్పేంటండీ బాబూ! అది మగది."

"అయ్యో, అయితే చూలుది ఇంకోటి ఉండుంటుంది. మొన్నో నిన్నో పడిందేమో. మా ఆయన దాని గురించి తెగ బెంగ పెట్టుకున్నాడు పాపం."

సిసెల్ కాఫీ ఒక గుక్క తాగి, తల అడ్డంగా ఊపింది.

"ఈ ఏడాది మాకు చిక్కినవన్నీ మగవేనండీ."