లారీ ముందు లీలాకుమారి

"బ్రేకుల దగ్గర మాత్రం పిల్ల మెకానిక్కులెవరూ చెయ్యి పెట్టకూడదు చిన్నప్పగారూ! ముందే చెబుతున్నా!" షెడ్డులోకి అడుగు పెడుతూనే గొంతు పెంచాడు అచ్యుతరావు.

ఆయన భయం ఆయనది. పందొమ్మిది వందల అరవై రెండు నాటి పాత లారీని సినిమా షూటింగులకు అద్దెకిస్తాడు. రేపు పొద్దున కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు ఇరవై మంది దాని వెనక నిలబడి జెండాలు ఊపుతుంటే, అది వాలు రోడ్డు దిగొచ్చి కెమెరా ముందు ఆగాలి. మొన్న రిహార్సల్లో ఆగలేదు. ఖాళీ బండి కాబట్టి గోడను గుద్ది ఊరుకుంది. రేపూ ఆగకపోతే? ఆ ఆలోచనతో మూడు రోజులుగా ఆయనకు అన్నం సయించడం లేదు.

"జర నిమ్మళంగుండండి సార్," అన్నాడు చిన్నప్ప. అమీర్‌పేట వెనక సందులో ముప్ఫై ఏళ్లుగా ఆ షెడ్డు నడుపుతున్నవాడు. "మా షెడ్డుల బ్రేకుల మీద ఒక్కటే చెయ్యి పడతది. రెండోది పడనియ్యం. మూడు చక్రాలు నిన్ననే అయినయి. నాలుగోది సుత అయింది, డ్రమ్ము ఎక్కించుడే బాకీ. చూద్దురు రాండి."

అచ్యుతరావు వంగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. అరవై ఏళ్ల తుప్పు ఎటు పోయిందో! అర్ధచంద్రాల్లా రెండు బ్రేక్ షూలు ఎదురెదురుగా కూర్చున్నాయి. వాటిని పట్టి ఉంచిన స్ప్రింగును వేలితో లాగి చూశాడు. ఇసుమంత కదిలితే ఒట్టు.

"దీన్ని చేత్తో ఎలా తగిలించారండీ బాబూ!"

"బలంతోటి పని గాదు సార్. ఏ కొన ముందు తగిలియ్యాలె, ఎటు తిప్పాలె, గది తెలిస్తే చాలు. చూడండి, చిన్న లైనింగు ముందటికి, పెద్దది ఎనకకు. తారుమారైతే బండి ఒక దిక్కు గుంజుతది."

డ్రమ్ము ఎక్కించి చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు చిన్నప్ప. లోపల లైనింగు సన్నగా, ఒకే తీరున రాసుకుంటూ పోయింది. ఎక్కడా పట్టేయలేదు.  పనితనమంటే ఇదీ అనుకున్నాడు అచ్యుతరావు.

ఇంతలో చిన్నప్ప భార్య లీలాకుమారి, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, చాయ్ గ్లాసులు తెచ్చిచ్చింది. అచ్యుతరావు తాగి, సీటెక్కి కూర్చున్నాడు. బ్రేకుల పైపుల్లోంచి గాలి తియ్యాలంటే పైన ఒకరు పెడలు తొక్కుతూ ఉండాలి మరి.

"తొక్కండి సార్... గట్లనే పట్టుండండి... ఇడువండి!" బండి పక్కన నిలబడి చిన్నప్ప కేకేస్తున్నాడు. మొదట బురదలో దిగబడినట్టు దిగిపోయిన పెడలు, నాలుగో చక్రం అయ్యేసరికి కాలి కింద బండరాయిలా గట్టిపడింది. అచ్యుతరావు పెదవుల మీదికి మూడు రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆ నవ్వు, బ్రేకు పరీక్షకని బండి తీసుకెళ్లిన పంజగుట్ట వైపు వాలు సందు దాకానే. పైన లారీ ఆపుకుని ముందుకు చూస్తే, ఇరవై అడుగుల కింద, సరిగ్గా సందు మధ్యలో, లారీకి వీపు పెట్టి నిలబడి ఉంది లీలాకుమారి.

"అమ్మా! తప్పుకోండి!"

"తప్పుకోదు సార్," పక్కన నిలబడ్డ చిన్నప్ప అన్నాడు. "మా షెడ్డు రివాజు. బ్రేకుల పనైనంక బండి ముందట మనిషి నిలబడాలె. గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు ఇడువండి. నేను అన్నప్పుడు తొక్కండి."

"అయితే మీరు నిలబడండి!"

"నేను నిలబడితే ఏం ఫాయిదా? ఆమెనే నిలబడాలె."

"సొంత పెళ్లాన్ని చక్రాల కింద పెడతావా? నువ్వు మనిషివేనా?" కోపంలో గారూ లేదు, గీరూ లేదు.

మైత్రీవనం కోచింగు పిల్లలు పదిమంది పుస్తకాలు చంకలో పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. లీలాకుమారి మాత్రం వెనక్కి కూడా తిరగలేదు. "సార్, పదిన్నరకు చర్చికి పోవాలె. జల్ది రాండి!" అంది.

ఇక తప్పలేదు. అచ్యుతరావు హ్యాండ్‌బ్రేకు వదిలాడు. లారీ ఒళ్లు విరుచుకుని కదిలింది. ఐదడుగులు. పదడుగులు. వేగం అందుకుంది. ఆమె జడ, చొక్కా మీది చిరుగు కూడా కనిపిస్తున్నాయి.

"తొక్కండి!"

తొక్కాడు. అంత బరువైన లారీ ఇటు గుంజలేదు, అటు గుంజలేదు. కిక్కురుమనకుండా నిలబడిపోయింది. బంపరుకీ ఆమె వీపుకీ మధ్య మూరెడు జాగా. అప్పుడు తిరిగిందామె. ఆయన వంకైనా చూడలేదు. ముందు చక్రం దగ్గర కూర్చుని, డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, తల ఊపింది.

హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు అచ్యుతరావు. కళ్లు చెమర్చాయి. తిట్టిన నోటితోనే చిన్నప్పకు క్షమాపణ చెప్పి, లీలాకుమారికి రెండు చేతులూ జోడించాడు.

"ఎంత గొప్పదానివమ్మా! మీ ఆయన చేతి మీద ఎంత నమ్మకం నీకు!"

"ఆయన చెయ్యి ఇంజను కాడికే సార్," అంది లీలాకుమారి, అరచేతి నల్లటి మరకలు చొక్కాకు తుడుచుకుంటూ. "బ్రేకులు ఎవరు బిగిస్తే బండి ముందట వాళ్లే నిలబడాలె, గదీ మా రివాజు."