నిండని ట్యాంకు

“ఆపవయ్యా, ఆపు! ముందు ఆ మోటారు ఆపు!”

వీధి సంఘం ప్రెసిడెంటు గేటు తోసుకుని బయటికొచ్చాడు. పక్కింటి టీచరమ్మ గుమ్మం ముందు సెప్టిక్ ట్యాంకర్ నిలబడి ఉంది. దాని లావుపాటి గొట్టం ఆమె పెరట్లోకి పాకి, మూత తీసిన ట్యాంకులోకి దిగింది. మోటారు రొద ఆగేసరికి చుట్టుపక్కల కిటికీలు టపటపా తెరుచుకున్నాయి.

“మళ్లీ ఏమొచ్చింది టీచరమ్మా? రెండేళ్ల కిందటేగా తోడించారు?”

“రెండేళ్లయింది కాబట్టే తోడిస్తున్నా అన్నయ్యగారూ,” అంది టీచరమ్మ గోడ అవతల నుంచి. “నిండిపోయింది మరి.”

“ఇంట్లో ఉండేది మీరూ, మీ చెల్లెలూ. ఇద్దరికే ట్యాంకు నిండిపోయిందా! మేం తొమ్మిది మందిమి. ఇల్లు కట్టి ఇరవై రెండేళ్లు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మూత తీసిన పాపాన పోలేదు!”

ఈ మాట వీధిలో అందరికీ కంఠతా వచ్చు. అయితే ఈరోజు దాని బరువు వేరు. సాయంత్రం సంఘం మీటింగు. ప్రతి ఇల్లూ మూడేళ్లకోసారి ట్యాంకు తోడించి తీరాలని టీచరమ్మ తీర్మానం రాసి పెట్టుకుంది. సగం వీధి ఆమె వైపే ఉంది. అది నెగ్గితే, తొలిసారి మూత తీయించుకోవాల్సిన ప్రెసిడెంటు పరువు ఏం కాను?

ట్యాంకర్ డ్రైవరు చేతి తొడుగులు విప్పుతూ దగ్గరికొచ్చాడు. “పైనుంచి చూస్తే తెలీదు సార్. బురద అడుక్కి చేరుతుంది. తోడకపోతే అదంతా పోయి ఇంకుడు గుంతని పూడ్చేస్తుంది. ఆ తర్వాత బాత్రూముల్లోంచి ఎదురు తంతుంది. అప్పుడు ఫోన్లు వస్తాయి చూడండి నాకు! పెద్దపెద్ద ఆఫీసర్లు గొంతు పూడుకుపోయి మాట్లాడతారు.”

ఏదో కిటికీలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ప్రెసిడెంటు చెవులు ఎర్రబడ్డాయి.

“ఎవరికయ్యా చెబుతున్నావు? దగ్గరుండి కట్టించుకున్నాను నా ట్యాంకు. కొలతలు నావి. ఇటుక ఇటుకా నేను తట్టి చూసిందే. రా, వచ్చి మూత తియ్యి. పిడికెడు బురద కనిపిస్తే ఈ క్షణమే ప్రెసిడెంటు పదవికి రాజీనామా!”

“కనిపించకపోతే?” అంది టీచరమ్మ.

“మీ తీర్మానం మీ చేతుల్తోనే చించెయ్యాలి.”

“సరే. నేను గొట్టం దగ్గరుంటా. వీధంతా చూస్తుందిగా, చాలు.”

ఐదు నిమిషాల్లో ప్రెసిడెంటు పెరడు జనంతో నిండిపోయింది. డ్రైవరు మూత అంచు కింద గునపం దూర్చాడు. రాయి కిర్రుమని కదిలింది.

“వెనక్కి జరగండి! ఏళ్లతరబడి మూసిన ట్యాంకు. ఆ గాలి పీల్చారంటే ప్రాణాలకే ముప్పు.”

అందరూ ముక్కులు మూసుకుని గోడకు అతుక్కుపోయారు. ప్రెసిడెంటు మనసులో లెక్క వేసుకున్నాడు. ఇరవై రెండేళ్లు... తొమ్మిది మంది... పైగా సెలవులకొచ్చే అల్లుళ్లు!

డ్రైవరు చాలాసేపు ఆగి, దూరం నుంచే వంగి టార్చి వేశాడు. మూసుకున్న ముక్కులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వాసన లేదు.

“సార్...” డ్రైవరు గొంతు మారిపోయింది. “నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు. బురద మాట దేవుడెరుగు, తడి కూడా లేదు. అడుగున సిమెంటు నిగనిగలాడుతోంది!”

పెరడంతా చప్పట్లు. పెద్దల్లుడు ఈల వేశాడు.

“మంచి బాక్టీరియా!” ప్రెసిడెంటు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. “చుక్క మిగల్చకుండా తినేస్తుంది. ఆ, ఫోటో తియ్యండర్రా! నాతోపాటు మూత కూడా పడాలి. టీచరమ్మా, విన్నారా?”

“విన్నాను అన్నయ్యగారూ. మాట మాటే.”

గోడ అవతల కాగితం పర్రుమని చిరిగింది. ప్రెసిడెంటుకి అంతకన్నా తియ్యటి చప్పుడు జీవితంలో వినబడలేదు. ఎదురింటి తాతగారు వచ్చి చెయ్యి కలిపాడు. ఎవరో తమ ఇంటి ట్యాంకుకీ సలహా ఇమ్మన్నారు. “సాయంత్రం మీటింగులో అందరికీ చెబుతా, నోట్‌బుక్కులు తెచ్చుకోండి,” అన్నాడు ప్రెసిడెంటు.

డ్రైవరు మాత్రం ఇంకా టార్చి ఆర్పలేదు. లోపలి గోడలు నాలుగూ వెతుకుతున్నాడు.

“మూసేసే ముందు ఒక్క పరీక్ష సార్. అమ్మగారిని పై బాత్రూములో రెండు బక్కెట్లు నీలిమందు నీళ్లు పొయ్యమనండి. రంగు ఎలా వచ్చి పడుతుందో చూస్తే పైపు సంగతి తేలిపోతుంది.”

“రెండేమిటి, నాలుగు పోయిస్తా!” ప్రెసిడెంటు మేడ మీదికి కేకేశాడు. “ఏమేవ్! ఉన్న నీలిమందంతా కలిపి పొయ్యి! వీధంతా చూస్తోంది!”

“పోస్తున్నానండీ!”

గోడలోని పైపులోంచి నీళ్లు బుడబుడమంటూ దిగిన చప్పుడు అందరికీ వినిపించింది. జనం ఒక్కసారిగా మెడలు సాచారు. అందరికన్నా ముందు ప్రెసిడెంటు, నడుం మీద రెండు చేతులూ వేసుకుని, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

పది క్షణాలు. ఇరవై. ట్యాంకులో చుక్క పడలేదు.

అప్పుడు గోడ అవతల నుంచి టీచరమ్మ కేక వినిపించింది.

“అన్నయ్యగారూ! మీ నీలం నీళ్లు మా ట్యాంకులో పడుతున్నాయండీ!”