గొంతు ముట్టుకోకు

ముసలాయన మెడకు చుట్టిన గుడ్డలోంచి తడిగా దగ్గేసరికి, కాలెమా తింటున్న చపాతీని పక్కకి నెట్టేశాడు.

ఇక ముద్ద దిగదు.

కంపాలా కట్వే బజారులో కాలెమాది పెన్‌డ్రైవ్‌లలోకి సినిమాలు ఎక్కించి ఇచ్చే కొట్టు. సినిమాలు పరాయివి. వాటి మీద లుగాండా భాషలో కథంతా గడగడా చెప్పుకుపోయే వీజేల గొంతు మాత్రం సొంతది. అక్కడి జనం హీరో ఎవరని అడగరు, వీజే ఎవరని అడుగుతారు.

కాలెమాది పిండే చెయ్యి. అయిదు జీబీల సినిమాని మూడొందల ఎంబీకి పిండేస్తాడు. ఆ పిండుడికి హీరో ముఖం ఒక ముద్ద, హీరోయిన్ ముఖం ఇంకో ముద్ద. ముద్దు సీనొస్తే రెండూ కలిసి ఒకే ముద్ద. కాలెమాకి సైజు మీదే మోజు. నాణేలు రాలుతుంటే నాణ్యత ఎవడిక్కావాలి?

"ఏం కావాలి తాతా? నోట్లో నాలుక లేదా?"

ముసలాయన పెన్‌డ్రైవ్ ఇచ్చి, నోటుపుస్తకంలో రాసి చూపించాడు.

"నా చిన్న ఫోన్లో ఆడేలా తగ్గించు. బొమ్మ ఎంతైనా తగ్గించు. గొంతు ముట్టుకోకు."

కాలెమా పెట్టి చూశాడు. కళ్లు మెరిశాయి.

"ఇది కిబుయాగా చెప్పిన సినిమా. ఇంకా బజార్లోకే రాలేదు. ఎక్కడ కొట్టేశావు తాతా?"

కిబుయాగా అంటే తుఫాను. వీజేల్లో కాలెమాకి దేవుడు. కొట్టు గోడ మీద ఆయన పోస్టరుంది. నల్లకళ్లద్దాలు, చెవులకి డిప్పలు, మైకు వెనక సగం ముఖం.

"ఏడాదిగా ఆయన సినిమాలే లేవు. లండన్ చెక్కేశాడంటున్నారు."

ముసలాయన ఆ మాట పట్టించుకోలేదు. 'గొంతు ముట్టుకోకు' కింద రెండు గీతలు గీశాడు.

"సర్లే, రేపు రా. ఆ గుడ్డ ఉతుక్కుని మరీ రా."

కాలెమా ఎప్పుడూ ముందు శబ్దాన్నే పిండుతాడు. పిండినట్టు కంటికి కనబడదు కదా. ఈసారీ చెయ్యి ఊరుకోలేదు.

పైగా ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్ కొట్టు దాటితే పరువు తక్కువ. పెద్ద ఫైలు చెరిపేసి, ఆ చోట్లో పదిహేను కుంగ్‌ఫూ సినిమాలు కుక్కాడు. ఊరికే. కొత్త సరుకు తెచ్చినందుకు బహుమానం.

పిండినదాన్ని తనకో కాపీ ఉంచుకుని, సాయంత్రానికల్లా సగం బజారుకి ఎక్కించేశాడు.

మర్నాడు ముసలాయన కొట్టు ముందే నిలబడి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. కుళ్లిన చేప కొరికినట్టు ముఖం పెట్టాడు. పక్కనున్న మురుక్కాలవలోకి ఉమ్మేశాడు.

"ఇది గొంతు కాదు. రేకు డబ్బాలో కప్ప" అని రాశాడు.

"కిబుయాగా గొంతు సంగతి నాకు నువ్వు చెప్తావా? పదేళ్ల నించి వింటున్నా. వెయ్యి గొంతుల్లో పట్టేస్తా."

"పెద్ద ఫైలేది?"

"చెరిపేశా. బదులు పదిహేను సినిమాలు వేశాగా."

"అది ఇంకెక్కడా లేదు."

రాస్తుంటే పెన్సిలు మొన పుటుక్కుమంది. ముసలాయన మెట్టు మీద కూలబడ్డాడు. మెడగుడ్డలోంచి మళ్లీ తడిదగ్గు.

"ఇక్కడ చతికిలబడకు తాతా. నిన్ను చూస్తే ఎవడూ కొట్టెక్కడు. బేరాలు పోతాయి."

ముసలాయన లేచి వెళ్లిపోయాడు.

పదిరోజులకి ఒకమ్మాయి వచ్చింది. పేరు నాకిట్టో అంది. చేతిలో అదే పెన్‌డ్రైవ్.

"అన్నా, ఇందులో నువ్వు చెరిపిన సినిమా మళ్లీ తియ్యగలవా? రేపు మా ఊరు మసాకాలో నాన్నని పూడుస్తున్నాం. అందరికీ ఆ గొంతు వినిపించమని రాసిపెట్టి పోయాడు."

కాలెమా గంటసేపు తవ్వాడు. తవ్వినకొద్దీ కుంగ్‌ఫూలే.

"రాదమ్మా. పోనీ, కిబుయాగావి నా దగ్గర రెండొందలున్నాయి. ఏదో ఒకటి పట్టుకెళ్లు."

"అవన్నీ నువ్వు పిండినవేగా?"

కాలెమా పెన్‌డ్రైవ్ ఊడదీసి ఆమెకిచ్చాడు. 

"మీ నాన్నకి ఆ వీజే అంటే అంత పిచ్చా?"

నాకిట్టో గోడ మీది పోస్టరు దగ్గరికి వెళ్లింది. దాని దుమ్ము అరచేత్తో తుడిచింది.

"పిచ్చి కాదన్నా. డాక్టర్లు గొంతు కోసి తీసేసే ముందురోజు, ఆ ఒక్క సినిమా చెప్పి మైకు ఆపేసింది మా నాన్నే."