గోళ్లరంగు ఆరేదాకా

"అమ్మా, నేను పోత. బస్సు తప్పుతది" అంది సరిత, చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

"పోదువులే. ముందు గీ చీర కొంగు పట్టుకో" అంది లక్ష్మీదేవమ్మ.

లక్ష్మీదేవమ్మ గద్వాలలో పట్టుచీరలకు కుచ్చులు కడుతుంది. ఆమె ఒక్కగానొక్క కూతురు సరితను వనపర్తికి ఇచ్చారు. పొద్దున వచ్చిన సరిత సాయంత్రానికి వెళ్లిపోవాలి. వచ్చిన పని కూడా చిన్నదే. పాత మేకప్ సామాన్లు పారెయ్యకుండా తెమ్మంది తల్లి. వాటితో ఇంట్లో ఏమేం చేసుకోవచ్చో ఆదివారం పేపర్లో కూడబలుక్కుని చదివింది.

సరిత రాగానే సంచి చాప మీద కుమ్మరించింది. లిపిస్టిక్కులు, గోళ్లరంగు సీసాలు, మస్కారా, కనురెప్పల మీద అద్దుకునే రంగుపొడులు, క్రీము డబ్బాలు. లక్ష్మీదేవమ్మ ఒక్కోదాని మూత తీసింది. వాసన చూసింది. వెలుతురుకు పట్టి చూసింది. మళ్లీ అన్నిటికీ మూతలు పెట్టింది.

"ఇయ్యాల మస్తు పనుంది బిడ్డా" అంది.

అప్పటినుంచి ఆమె ఒక్కచోట కూర్చోలేదు.

మస్కారా పుల్లను కడిగించి, దాంతో కుట్టుమిషన్ సందుల్లో ఇరుక్కున్న నూలుపీచు తీయించింది. లిపిస్టిక్కులను పాత కొవ్వొత్తి ముక్కలతో కలిపి కరిగించి, గాజుగ్లాసులో వత్తి నిలబెట్టి పోసింది. అది పక్కింటి గీతకు నచ్చలేదు.

"పెద్దమ్మా, గివి కొత్తవాటి లెక్కనే ఉన్నయి. నాకియ్యరాదు?"

"తారీకు దాటినయి. నీ మూతి ఉబ్బితే మీ ఆయన నా మీదికొస్తడు."

"ఆయన నా మూతి దిక్కు చూస్తే గద." గీత సరిత వైపు తిరిగింది. "అయినా నీకు గివన్నీ ఎందుకక్కా? ముఖాన ఒక్క మచ్చ లేదు."

సరిత నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే ఫోన్ మోగింది.

"ఆఁ, బయల్దేరిన... లేదు, బయల్దేరుతున్న... అమ్మ దగ్గర్నే ఉన్న."

"పొద్దట్నుంచి గిదే కత" అంది గీత. "శ్రీనాథ్ బావ నిన్ను విడిచి ఒక్కపూట ఉండలేకపోతుండు. రాసిపెట్టుండాలె."

సరిత క్రీము డబ్బాలు కడిగింది. అవి ఖాళీవే కాబట్టి తొందరగానే అయిపోయింది. లక్ష్మీదేవమ్మ ఒకదాంట్లో హుక్కులు, ఇంకోదాంట్లో గుండీలు పోసింది. అంతలోనే మళ్లీ చాప మీద గుమ్మరించి, రంగులవారీగా ఏరమంది.

"అమ్మా, నువ్వు కావాలని చేస్తున్నవ్."

"ఏం జేసిన?"

"నేనొచ్చినప్పుడల్లా గింతే. బస్సు కదిలినంక గూడ కిటికీ పట్టుకుని ఉరుకుతవ్. పోయినసారి కండక్టర్ తిట్టిండు."

అది నిజమే. లక్ష్మీదేవమ్మకు ఎవర్నీ సాగనంపడం చేతకాదు. ఆమె భర్త తిరుపతయ్య పొద్దున్నే వస్తానని చెప్పి కొత్తకోటలో లారీ ఎక్కాడు. లారీ వచ్చింది, అతను రాలేదు. అప్పటినుంచి ఎవరు చెప్పులు తొడుక్కున్నా ఆమెకు ఏదో ఒక పని గుర్తొస్తుంది.

"ఉడకపోస్తుంది. ముఖమన్న కడుక్కో" అంది.

"ఒద్దులే. ఇంటికి పోయినంక కడుక్కుంట."

ఆ తర్వాతే, సరిత చెప్పులు తొడుక్కోగానే, చీర కొంగు పట్టుకోమంది. కుచ్చుల కొసలు విడిపోకుండా ఒక్కోదానికి చుక్కంత గోళ్లరంగు అద్దడం మొదలుపెట్టింది. సరిత చెప్పులు విడవకుండానే, కొంగును రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడింది.

"ఆరేదాకా కదలకు. ఒకదానికొకటి అంటుకుంటే షావుకారు ఊకోడు."

చాప మీద ఫోన్ మోగింది.

"జర ఎత్తమ్మా."

"నా చేతులకు రంగుంది."

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. సరిత ఫోన్ వైపు వంగింది. రెండు కుచ్చులు అతుక్కుపోయాయి.

"అయ్యో, విప్పి మళ్లీ కట్టాలె" అంది లక్ష్మీదేవమ్మ. ఆ గొంతులో విసుగు లేదు.

"ఆయన పరేషాన్ అయితడమ్మా. నేను పోవాలె."

లక్ష్మీదేవమ్మ గబగబా లోపలికి వెళ్లింది. దేవుడి పటాల ముందు దీపం వెలిగించి వచ్చింది.

"దీపం పెట్టినంక ఆడబిడ్డ గడప దాటొద్దు."

"ఇంక ఎండ గూడ పోలేదు."

"దీపమైతే పెట్టిన గద."

"మరి రేపు పొద్దున్నే పోత."

"రేపు శుక్రవారం. శుక్రవారం ఆడబిడ్డను ఎవరన్న పంపుతరా?"

"ఎల్లుండి?"

"ఇంక సీసాలల్ల రంగు మస్తుంది. అయిపోనియ్యి."

తన ఇంటికి పోయిన గీత గోడ అవతలి నుంచి నవ్వింది. "పిల్లను కాపురం చేసుకోనిచ్చేటట్టు లేవు పెద్దమ్మా. చూడు, బావ కొట్లాటకొస్తడు."

"రానియ్యి" అంది లక్ష్మీదేవమ్మ.

వీధితలుపు మూసి గడియ పెట్టింది. మోగుతున్న ఫోన్‌ను గుండీల డబ్బాల పక్కన బోర్లా పెట్టింది. సరిత చాలాసేపు తలుపు వైపే చూసి, చివరికి చెప్పులు విడిచింది.

పొద్దున లక్ష్మీదేవమ్మ మూతలు తీసి చూసినప్పుడు, ఆ సంచి మొత్తంలో కూతురు వాడినవి, అడుగంటా గీకి ఖాళీ చేసినవి, కమిలిన చోటు కనపడకుండా పూసుకునే ఒంటిరంగు క్రీము డబ్బాలు మాత్రమేనని ఆమెకు తెలిసింది.