ఓబళప్ప నడక సంఘం

“పార్కులో నడిస్తే నీకేం కష్టమప్పా?” మునిరాజు కొంచెం గట్టిగానే అడిగాడు.

ఓబళప్ప బూట్ల లేసులు బిగించుకుంటూ తలెత్తలేదు. “పార్కు యాడికీ పోదు. మనం రోడ్డు మీదే నడుస్తాం.”

“ఆ రోడ్డులో ఏముండాది? దుమ్ము, కుక్కలు, దయ్యం లాంటి నీలగిరి తోపు. పార్కులో ట్రాకు ఏసినారు, దీపాలు పెట్టినారు. కూర్చునేకి బెంచీలుండాయి.”

“కూర్చునేకైతే ఇంట్లోనే కూర్చోవచ్చు కదప్పా.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మునిరాజు నవ్వలేదు.

సిటీ శివార్లలో, ఆనేకల్ వైపు రాగిచేల మధ్య కొత్తగా లేచిన లేఅవుట్ అది. మునిరాజుకి సిటీలోని బళేపేటలో ఇనుప సామాన్ల అంగడి. ఓబళప్ప సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పోయినేడు ఒక తెల్లవారుజామున, ఎవరూ అడక్కుండానే, పాత విజిల్ మెడలో వేసుకుని ప్రతి గేటు ముందూ నిలబడి ఊదాడు. “రండి, రండి! సీట్లు ఖాళీ!” అని అరిచాడు. మొదటివారం అందరూ తిట్టుకున్నారు. రెండోవారం నలుగురు బయటికొచ్చారు. ఉగాది నాటికి అది సంఘమైంది.

నిజానికి ఆ సంఘం వల్ల అందరికీ మేలే జరిగింది. వీధి మలుపుకి కూడా ఆటో పిలిచే చౌడమ్మకి షుగరు దిగింది. స్పందన అనే కాలేజీ పిల్ల మూలన పడేసిన సైకిల్ తీసి వాళ్ళ పక్కనే తొక్కసాగింది. మునిరాజు కూడా అంగడి అటకెక్కితే ఇప్పుడు ఆయాసపడటం లేదు. అందుకే ఓబళప్పతో తగువు పెట్టుకోవడం అతనికి కష్టంగానే ఉంది.

కానీ ఆ ముసలాయన పెట్టే రూల్సు! ఐదున్నరకి విజిల్ పడితే ఎవరి కోసమూ ఆగేది లేదు. తోపు గుండా మెయిన్ రోడ్డు బస్టాపు దాకా నడవాలి. అక్కడ మొదటి బస్సు కదిలేదాకా నిలబడాలి. ఆ తర్వాతే వెనక్కి. చీకట్లో తోపు దాటేంతసేపూ ఊరంతా వినపడేలా విజిల్ ఊదుతూనే ఉంటాడు. వారం సెలవు ఆదివారం కాదు, బుధవారం.

“అదేం సెలవప్పా?” అని ఎవరైనా అడిగితే “డిపోలో నా వీక్లీ ఆఫ్ అదే” అనేవాడు.

“ముప్పై ఏళ్ళు బస్సులో తిరిగినాడు. బస్సు మొహం చూడకపోతే ఆయప్పకి కాఫీ దిగదు” అని చౌడమ్మ తేల్చేసింది. అందరికీ అదే నిజమనిపించింది.

ఆ వేళప్పుడు ఆ దారిన వేరే మనుషులు తక్కువ. ఆస్పత్రి డ్యూటీకి పోయే హెప్సిబా అనే నర్సు మాత్రం వాళ్ళ వెనకే వచ్చి బస్సెక్కేది. కడప నుంచి వచ్చి లేఅవుట్‌లోనే ప్రభుదాసు అనే ఆయన ఇంట్లో అద్దెకుంటోంది.

“నువ్వు కూడా సంఘంలో చేరమ్మా” అని మునిరాజు ఒకసారి పిలిచాడు.

“పొద్దస్తమానం వార్డులో నడకే కదా అంకుల్, ఒక్క బుధవారమే సెలవు” అని నవ్వేసింది.

పార్కు గొడవ ఆ పొద్దు తెగలేదు. మర్నాడు మునిరాజు సగం మందిని పార్కుకి తీసుకుపోయాడు. నెల తిరక్కుండా మిగతావాళ్ళూ వచ్చారు, చివరికి చౌడమ్మ కూడా. ఓబళప్ప ఒక్కడే రోడ్డు మీద మిగిలాడు. గెలిచానని మునిరాజు అనుకున్నాడు గానీ, పార్కులో రెండు చుట్లు తిరిగేసరికి అందరూ బెంచీల మీదికి చేరేవారు. మెల్లగా ఒక్కొక్కరే రావడం మానేశారు.

శ్రావణంలో ఒకరోజు తెల్లవారకముందే బోరున వాన. అంగడికి లోడు వస్తుందని మునిరాజు స్కూటర్ మీద బయల్దేరాడు. తోపు మధ్యలో విజిల్ వినపడింది. నెత్తిన గోనెసంచి కప్పుకుని, మోకాలికి కట్టుతో, ఓబళప్ప కుంటుతూ నడుస్తున్నాడు. వెనక కొంచెం దూరంలో హెప్సిబా గొడుగు పట్టుకుని వస్తోంది.

మునిరాజుకి ఒళ్ళు మండింది, జాలి కూడా వేసింది. “ఎక్కప్పా, ఇంటికాడ దింపుతా.”

“నువ్వు పో. నేను నడుస్తా.”

“ఎవుర్ని గెలిసేకి ఈ మొండితనం? నీ సంఘంలో ఎవురూ లేరు ఇప్పుడు!”

ఓబళప్ప విజిల్ ఊదుకుంటూ ముందుకు కదిలాడు. వదిలిపోలేక మునిరాజు స్కూటర్ తోసుకుంటూ పక్కనే నడిచాడు. బస్టాపు వచ్చింది. బస్సూ వచ్చింది. హెప్సిబా ఎక్కింది, బస్సు కదిలింది.

“ఇప్పుడు దింపప్పా, కాలు లాగుతా ఉండాది” అంటూ ఓబళప్ప వెనకసీటు ఎక్కాడు.

“ఇందాక ఎక్కమంటే ఎందుకు ఎక్కలేదు?”

తోపులోకి వచ్చాక ఓబళప్ప మునిరాజు చెవి దగ్గరికి వంగి ఒక్క మాట చెప్పాడు. మునిరాజు బ్రేకు వేశాడు. స్కూటర్ ఆగిపోయినా దిగలేదు, వానలో అట్లాగే కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం మునిరాజు ఇల్లిల్లూ తిరిగాడు. పార్కు ట్రాకు జారుతోందని ఒకరికి, రోడ్డు గాలే మంచిదని ఇంకొకరికి చెప్పాడు. రానన్నవాళ్ళతో పోట్లాడాడు. మర్నాడు ఐదున్నరకి పాతిక మంది రోడ్డెక్కారు. తోపులో విజిల్ మునిరాజే ఊదాడు.

“ఆయప్ప ఏం మందు పెట్టినాడప్పా నీకు?” అని చౌడమ్మ పదేపదే అడిగింది. నలుగురి నోళ్ళలో పడితే నిందంతా ఎవరి నెత్తిన పడుతుందో మునిరాజుకి తెలుసు. నవ్వి ఊరుకున్నాడు.

వానలో ఓబళప్ప చెప్పింది ఇంతే:

“పోయినేడు ఒకనాడు ఆ నర్సు పాప ఈ తోపులోంచి ఏడ్చుకుంటా పరిగెత్తుకొచ్చిందప్పా.”