రాకాసి గుళ్ల పండుగ

తండ్రి సమాధి మీద గడ్డపార వెయ్యడానికి లింగమూర్తికి చేతులు రాలేదు.

"తియ్యి కాకా. పండుగ మందమే. అయినంక మళ్ల పెట్టుకుందువు గాని," అంది పక్కనే నిలబడ్డ ప్రశాంతి.

లింగమూర్తి కళ్లు తుడుచుకుని గడ్డపార వేశాడు. పేరు చెక్కిన షాబాదు బండ పైకి లేచింది. చుట్టూ ఊరివాళ్లు కూడా ఎవరి సమాధి వాళ్లే విప్పుతున్నారు. ఇటుకలు ట్రాలీలో వేస్తున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు.

నానక్‌రామ్‌గూడ టవర్ల వెనక, గుట్ట పక్కన మిగిలిన ఆ కాస్త నేల ఊరి బొందలగడ్డ. తాతల నాటి నుంచి ఊళ్లో పోయినవాళ్లను అక్కడే పూడుస్తున్నారు. దానికి కాగితమంటూ ఏదీ లేదు. ఊరి నోటిమాటే పట్టా. అదే నేలలో అక్కడక్కడ పెద్ద బండలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. వాటిని రాకాసి గుళ్లంటారు. అవీ పాతకాలపు సమాధులేనట; ఎవరు పేర్చారో, ఎప్పుడు పేర్చారో ఎవరికీ తెలియదు.

ఏదో పెద్ద కంపెనీ ఆ నేల మీద కన్నేసిందని తెలిసినప్పటి నుంచి ఊరికి కంటి మీద కునుకు లేదు. అందరికన్నా ఎక్కువ పరేషాన్ లింగమూర్తి తల్లి పోచమ్మది. కాటికి కాళ్లు చాపుకున్న ఆ ముసలమ్మకు మిగిలింది ఒకటే కోరిక. మొగుడి పక్కన పడుకోవాలి.

"నన్ను ఇంకో తాన పెట్టినవనుకో, లేచొస్త," అని కొడుకును బెదిరించేది.

సరిగ్గా అప్పుడే వచ్చింది ప్రశాంతి. హఫీజ్‌పేట్ పిల్ల. పాత రాళ్లను కాపాడే సంఘం తరఫున వచ్చానంది. చాప మీద కూర్చుంది. పోచమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ఇంకో గుక్క పొయ్యమంది. పైగా మాటలో ఊరి యాస. ఊరికి ఇంకేం కావాలి?

"బొందలగడ్డ అంటే ఇంకో తాన జాగ చూపిచ్చి మిమ్ముల లేపుతరు కాకా. గదే మూడు వేల ఏండ్ల కిందటిది అన్నమనుకో, ఎవ్వడు ముట్టలేడు. జనాన్ని పిలిచి పండుగ లెక్క చేద్దాం. వీడియో తీసి పైవాళ్లకు పంపుత. కానీ పక్కనే మొన్నటి గోరీలు కనబడితే ఎవరు నమ్ముతరు?"

మాట సబబుగానే ఉంది. దేవుడే పంపాడనుకున్నారు.

ఆదివారం షామియానా లేచింది. నల్లగండ్ల నుంచి, కొండాపూర్ నుంచి కార్లు వచ్చాయి. అపార్టుమెంటు పిల్లలు వాళ్ల కోసం ముందే ఇసుకలో దాచి ఉంచిన కుండ పెంకులను బ్రష్షులతో వెలికితీసి, జిగురుతో అతికించారు. సొంత ముత్తాత పేరు అడిగితే తడుముకునే పెద్దలు, మూడు వేల ఏళ్ల నాటి తాతలతో సెల్ఫీలు దిగారు.

లింగమూర్తికి శాలువా కప్పి మైకు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక అంత మర్యాద ఆయనకెవరూ చెయ్యలేదు.

"ఇవి రాజుల కంటె ముందటియి. మావోళ్లను ఇక్కడ పెట్టుడు లేదు," అని నేర్చుకున్న మాట గడగడా చెప్పేశాడు. ఊరివాళ్లు కూడా కెమెరా ముందు వరసగా అదే చెప్పారు.

నల్లగండ్ల నుంచి మనవరాలిని తీసుకొచ్చిన రిటైర్డ్ ఇంజనీరు రామ్మోహనరావు చెయ్యెత్తాడు.

"చిన్న సందేహమండి. ఈ మధ్య ఎవర్నీ ఇక్కడ పూడ్చలేదు కదా? పిల్లలు మట్టిలో చేతులు పెడుతున్నారు, అందుకని."

జనం నవ్వారు. ప్రశాంతి మైకు పట్టుకుని ముందు వరసలో ఉన్న పోచమ్మ దగ్గరకు వెళ్లి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఊర్లె అందరికంటె పెద్దదానివి, నువ్వు చెప్పు అవ్వా. ఇక్కడ మీవోళ్లు ఎవరన్న ఉన్నరా?"

పోచమ్మ చూపు షాబాదు బండ ఉండిన చోటికి పోయింది. అక్కడిప్పుడు ఉత్త ఎర్రమట్టి. దాని మీద రామ్మోహనరావు మనవరాలు నిలబడి ఐస్‌క్రీం తింటోంది. పోచమ్మ కొడుకు వైపు తిరిగింది. లింగమూర్తి శాలువా కిందే రెండు చేతులూ జోడించాడు.

"లేరు బిడ్డా," అంది పోచమ్మ. "మావోళ్లు ఎవ్వరు లేరు."

చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చాక ఆమె ఒకటే మాట అంది. "కట్టుకున్నోణ్ని లేడనిపిచ్చినవ్ గదరా." ఆ తర్వాత కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. జాగ దక్కుతుంది, అమ్మ కోరిక తీరుతుంది, అప్పుడు కాళ్ల మీద పడదామని లింగమూర్తి మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ప్రశాంతికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. షాబాదు బండ ఇంటి గోడకు ఆనించినట్టే ఉండిపోయింది.

దసరా దాటాక పోచమ్మ పోయింది.

డప్పులతో పాడె లేచింది. లింగమూర్తి నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. గుట్ట మలుపు తిరిగేసరికి నీలం రేకుల గోడ అడ్డమొచ్చింది. గేటు దగ్గర పోలీసులు. లోపల జేసీబీ రాకాసి గుళ్ల బండలను ఒక పక్కకు నెడుతోంది.

"మూడు వేల ఏండ్ల రాళ్లు సార్ అవి. ముట్టొద్దు."

"ముట్టొద్దని సర్కారు బోర్డు ఉన్నదా?" అన్నాడు ఎస్సై.

లేదు. లింగమూర్తి పాడె వైపు ఓసారి తిరిగి చూశాడు.

"అయితే ఈ జాగ మాదే. ఇది మా బొందలగడ్డ సార్. మా అమ్మను మా నాయిన పక్కన పెట్టాలె. ఊర్లె ఎవర్నన్న అడుగుండ్రి."

"ఊరోళ్లు చెప్పింది కంపెనీ మేడం కాడ ఉన్నదట. ఆమె వస్తున్నది. ఆమెతోనే మాట్లాడుకో."

పాడెను రోడ్డు మీదే దించారు. డప్పులు ఆగిపోయాయి. దుమ్ము రేపుకుంటూ కంపెనీ కారు వచ్చి ఆగింది.

కారు దిగిన ప్రశాంతి లింగమూర్తి వైపు చూడకుండా ఫోను తీసి పండుగ నాటి వీడియో ఎస్సై ముందు పెట్టగానే, అందులోంచి పాడె మీది పోచమ్మ గొంతు అందరికీ వినబడేలా పలికింది: "లేరు బిడ్డా. మావోళ్లు ఎవ్వరు లేరు."