లిఫ్టులో ఆఫీసరు

సర్కారు క్వార్టర్ల మరమ్మతుకు నిధులివ్వాలా వద్దా తేల్చడానికి వచ్చిన ఆఫీసరు, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ లిఫ్టులో ఇరుక్కుపోయాడు.

ఇదే అదనని మూడో అంతస్తు అత్తగారు లిఫ్టు తలుపు ముందు చతికిలబడింది. "మా వంటింటి కప్పు కారుతోంది బాబూ. గొడుగు పట్టుకుని వండుకుంటున్నాం."

"ముందు నన్ను బయటికి తీయించండమ్మా!"

"తీయిస్తాం నాయనా, ఎక్కడికి పోతావు? ఇక గోడల సంగతి వినూ..."

ఆవిడ గోడు పూర్తయ్యాకే లిఫ్టు కదిలింది. చెమటతో తడిసి ముద్దయిన ఆఫీసరు, కప్పూ చూడలేదు, గోడా చూడలేదు. బతుకుజీవుడా అంటూ మెట్ల మీదుగా పరుగు లంకించుకున్నాడు.

నెల తిరక్కుండానే నిధులు వచ్చాయి. మొత్తం కొత్త లిఫ్టుకే!

కోడలు తల పట్టుకుంది. "ఈ బిల్డింగులో సరిగ్గా పనిచేసేది అదొక్కటే కదత్తయ్యా! మెట్లెక్కి వస్తే పెచ్చులూడిన గోడలు చూస్తాడని మీరు ఆపమంటేనే కదా, నేను స్విచ్చి ఆపింది! తీరా చూస్తే ఆయన అప్పటికే ఎక్కేశాడు."

అత్తగారు కప్పు కారుతున్న చోటికి బకెట్టు జరిపింది.

"పోనీలేవే. ఈసారి వస్తే మన వంటింట్లో పెట్టి గడియ వేద్దాం."